అడవిపంది ఎవరి సొత్తు?

పొలం రైతుది. పంట రైతుది. పెట్టుబడికి తెచ్చిన అప్పు కూడా రైతుదే. అర్ధరాత్రి ఆ పొలంలో దిగి పంటనంతా దొర్లాడిపోయే అడవిపంది ఎవరిది? వినడానికి పొడుపుకథలా ఉన్నా, దీనికి జవాబు వెతకాలంటే రాజ్యాంగం దాకా వెళ్ళవలసి ఉంటుంది.

మా గరిడేపల్లి వైపు చెప్పుకోదగ్గ అడవి లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళతో వరి పండే నేల ఇది. అయినా గుట్టల పక్కన, కంపచెట్ల చాటున పందులు కాపురం పెట్టాయి. వాటిని తినే పెద్ద మృగమేదీ దరిదాపుల్లో లేదు, పిల్లలేమో ఈతకు అయిదారు. వరి పాలు పోసుకునే రోజుల్లో గుంపు దిగిందంటే తినేది పిడికెడు, తొక్కేది గంపెడు. మా మేనమామగారు గెట్ల వెంట పాత చీరలు కట్టారు, డబ్బాలు మోగించారు, టపాకాయలు కాల్పించారు. నాలుగు రోజులు బెదిరిన పందులు అయిదో రోజున చీరల కిందినుంచే వచ్చాయి.

"పంది సర్కారుదంటరు, పొలం నాదంటరు. మరి అది తిన్న వడ్లు ఎవరియి అల్లుడా?" అని ఆయన ఒకనాడు నన్నడిగారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ చిక్కంతా షష్ఠీ విభక్తిలోనే ఉన్నట్టు తోచింది!

ఇంతకూ చట్టం ఏమంటుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షను ప్రకారం వేటాడిన మృగం, చచ్చి కనిపించిన మృగం రాష్ట్ర ప్రభుత్వపు సొత్తు. కేంద్రం ప్రకటించిన అభయారణ్యంలో వేటాడితే అది కేంద్రపు సొత్తు. అంటే పంది పొలంలో పడి మేస్తున్నంతసేపూ "ఇది మాది" అని ముందుకు వచ్చేవారుండరు. అది చచ్చిపడిన మరుక్షణం సొంతదారు తయారు!

పూర్వం ఈ పేచీ లేదు. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటకు బయలుదేరితే ఆయనను అడిగేవారెవరు? వేట రాజుల వేడుక. మన నిజాముల రోజుల్లోనూ అంతే. హైదరాబాదు శివార్లలో ఈనాడు పిల్లలను తీసుకువెళ్ళి చూపించే వనస్థలిపురం జింకల పార్కు, ఒకప్పుడు నిజాముల వేటస్థలమే.

1950లో రాజ్యాంగం వచ్చినప్పుడు అడవులనూ, అడవిమృగాల రక్షణనూ రాష్ట్రాల జాబితాలో ఉంచారు. రాష్ట్రాలకు అడవి ఆదాయవనరు. మృగాల మీద శ్రద్ధ తక్కువ. 1952 నాటికి మన దేశంలో చీతా అంతరించిందని తేల్చారు. 1972లో పులులను లెక్కిస్తే రెండువేలు కూడా తేలలేదు. ఆ సంవత్సరమే వన్యప్రాణి చట్టం వచ్చింది. విశేషమేమంటే, అప్పటికి ఈ విషయంలో పార్లమెంటుకు తనంత తాను శాసనం చేసే అధికారం లేదు. పదకొండు రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి అడిగితేనే చేసింది. ఆ అడిగినవారిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది! తరువాత 42వ రాజ్యాంగ సవరణతో 1977 జనవరి 3 నుంచి అడవులూ, మృగాలూ ఉమ్మడి జాబితాలోకి వెళ్ళాయి. 1980 చట్టంతో అడవి భూమిని మరో పనికి మళ్ళించాలన్నా ఢిల్లీ అనుమతి తప్పనిసరి అయింది. 1991 దాకా లైసెన్సు మీద కొన్ని జంతువులను వేటాడవచ్చు. ఆ ఏటి సవరణతో ఆ తలుపూ మూసుకుంది.

అమెరికాలో ఈ తగువు తలకిందులుగా నడుస్తున్నది. అక్కడ సుమారు 64 కోట్ల ఎకరాలు కేంద్రప్రభుత్వానివి. నెవాడా రాష్ట్రంలో అయిదింట నాలుగు వంతుల నేల వాషింగ్టన్‌దే. కాని ఆ నేలమీద తిరిగే జింకను వేటాడాలంటే సాధారణంగా లైసెన్సు ఇవ్వవలసింది రాష్ట్రం. కోటీ ఎనభైఅయిదు లక్షల ఎకరాల విషయమై 2024లో యూటా రాష్ట్రం సుప్రీంకోర్టుకెక్కింది. 2025 జనవరిలో కోర్టు ఆ కేసు చేపట్టనన్నది. చిత్రమేమంటే, భూములు రాష్ట్రాల చేతికి వెళ్ళడం అక్కడి వేటగాళ్ళలో చాలామందికే ఇష్టంలేదు. రాష్ట్రం డబ్బుకోసం వాటిని అమ్ముకుంటే, కొన్నవాడు గేటుకు తాళం వేస్తాడని వారి భయం.

మన రైతుకు కావలసింది వేట వినోదం కాదు, పంట ఇంటికి రావడం. అందుకు చట్టంలో రెండు దారులున్నాయి. మొదటిది 62వ సెక్షను: కేంద్రం ఒక ప్రాంతంలో, ఒక గడువు వరకు, ఒక జంతువును హానికర జంతువుగా ప్రకటించవచ్చు. బీహారులో 2015లోనూ, ఉత్తరాఖండ్‌లో 2016లోనూ అడవిపందిని అలా ప్రకటించారు. కేరళ ఎన్నిసార్లు కోరినా ఢిల్లీ ఒప్పుకోలేదు. రెండవది 11వ సెక్షను: మనుషులకో, పంటకో ప్రమాదమైన జంతువును చంపడానికి రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణం చూపి వ్రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 2022లో కేరళ ఈ దారినే పట్టి, ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. మన దగ్గర కూడా ఎంపికచేసిన షూటర్లతో పందులను కాల్పించిన సందర్భాలున్నాయి.

నన్నడిగితే, నిషేధం ఢిల్లీలో ఉండడమే మేలు. పులికి జిల్లా సరిహద్దు తెలియదు. రాష్ట్రానికొక రకంగా వేట తలుపులు తెరిస్తే మిగిలిన నాలుగు మృగాలూ దక్కవు. కాని అనుమతి మాత్రం పొలానికి దగ్గరగా ఉండాలి. పంది ఇవాళ రాత్రి వస్తుంది. కాగితం కోత అయ్యాక వస్తే ఎవరికి ఉపయోగం? మండలంలోనే ఒక అధికారి పొలం చూసి, నష్టం వ్రాసుకుని, రెండు మూడు రోజుల్లో అవుననో కాదనో చెప్పగలగాలి. కాదంటే నష్టపరిహారమైనా వెంటనే చేతికి రావాలి.

ఇది వడ్ల బస్తాలతో పోయే సంగతి కాదు. విసిగినవాళ్ళు కొందరు చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడుతున్నారు. ఆ తీగకు పంది ఎవరో, నీళ్ళు పెట్టడానికి చీకట్లో వచ్చిన పక్క చేను రైతు ఎవరో తెలియదు. అలా ప్రాణాలు పోయిన వార్తలు మన పత్రికల్లో ఏటా చూస్తూనే ఉన్నాము. చచ్చిన పందికి సొంతదారును నిర్ణయించిన చట్టం, ఆ తీగ అవసరం రాకముందే రైతు మాట వినే మనిషిని కూడా మండలానికొకరిని చూపించాలి.