నవ్వుకు జడిసిన సర్కారు

1975 జూన్ 25 రాత్రి ప్రధాని ఇందిరాగాంధీ దేశం మీద ఎమర్జెన్సీ పెట్టించింది. ప్రతిపక్ష నాయకుల్ని జైళ్లలో కుక్కారు. పేపర్లలో పడే ప్రతి ముక్కా సెన్సారు చూడాల్సిందే అన్నారు. అంతా అయ్యాక సర్కారుకి ఇంకో శత్రువు మిగిలింది. అది నవ్వు!

మూడో రోజే టైమ్స్ ఆఫ్ ఇండియా బొంబాయి పత్రికలో ఓ చావు ప్రకటన పడింది. పోయినాయన పేరులోని ఇంగ్లీషు అక్షరాలు కలిపి చదివితే ప్రజాస్వామ్యం! భార్య సత్యం, బిడ్డ స్వేచ్ఛ, తోడబుట్టినవాళ్లు విశ్వాసం, ఆశ, న్యాయం. పోయిన తేదీ జూన్ 26.

ఆ డిసెంబరులో అబూ అబ్రహాం ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో బొమ్మ వేశాడు. రాష్ట్రపతి స్నానాల తొట్టిలోంచే ఆర్డినెన్సు మీద సంతకం చేసి ఇస్తూ, ఇంకా ఉంటే కాస్త ఆగమనండి అంటున్నాడు!

"నన్నూ వదలొద్దు శంకర్" అని నెహ్రూ చెప్పిన శంకర్స్ వీక్లీ మాత్రం ఆయన కూతురి ఏలుబడిలో 1975 ఆగస్టు 31న మూతబడింది. నియంతలకు నవ్వు గిట్టదని శంకర్ ఆఖరి సంచికలో రాసిపోయాడు.

"మాటలు తక్కువ, పని ఎక్కువ" అని ఊరూరా గోడల మీద రాయించారు. ఇందులో కొత్తేముందండీ? ఆసామి గట్టు మీద నిలబడి మనకు రోజూ చెప్పేది అదేగా! ఆ లెక్కన కూలోడికి పుట్టిన్నాటి నుంచీ ఎమర్జెన్సీయే.

1977 మార్చి ఎన్నికల్లో ఆమె రాయ్‌బరేలీలో ఓడింది, సర్కారూ పోయింది. మరి మన ఆంధ్రప్రదేశ్‌లో? 42 సీట్లకు 41 కాంగ్రెసుకే పడ్డాయి! భూమి, ఇళ్లస్థలాలు, కనీస కూలి అన్న 20 సూత్రాల మీద పేదలు ఆశ పెట్టుకున్నారు. పైగా ఆ చావు ప్రకటన, ఆ బొమ్మ ఇంగ్లీషు పేపర్లలో పడ్డాయి. మన నాట్ల మడి దాకా అవెక్కడొస్తాయి?

కాబట్టి, అన్నలారా, అక్కలారా! పెద్దవాళ్లను చూసి నవ్వడం తప్పు కాదు. మన మాటల్లో, మన గట్టు మీద నవ్వుదాం. నవ్వితే సగం భయం పోద్ది. కానీ నవ్వేసి ఎవరిళ్లకు వాళ్లు పోతే కూలి పైసా పెరగదు. నవ్విన నలుగురూ ఆ రాత్రి రచ్చబండ దగ్గర కూచుని, రేపు కూలెంత అడగాలో తేల్చుకోవాలి. అప్పుడు చూడండి, ఆసామి నవ్వగలడేమో!