గడ్డకట్టే చలిలో కారు మరమ్మతు

పుష్యమాసంలో తెల్లవారుజామున కొబ్బరినూనె సీసాను బోర్లిస్తే చుక్క రాదు. సీసాను కాసేపు ఎండలోనో, వేడినీళ్ళ గిన్నెలోనో పెట్టి నూనెను కరిగించుకోవడం తెలుగునాట ప్రతి ఇంటికీ తెలిసిన పనే. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. మన చలికాలపు రాత్రులు అంతకంటె చల్లగా ఉంటాయి కనుక సీసాలో గడ్డకడుతుంది. పొద్దెక్కితే మనకు ఆ ఇబ్బంది తీరిపోతుంది. పొద్దెక్కినా తీరని దేశాలు కూడా ఉన్నవి.

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర భాగంలో, మహా సరస్సుల నడుమ మిచిగన్ రాష్ట్రం ఉన్నది. అందులోని డెట్రాయిట్ నగరంలో జనవరి రాత్రుల ఉష్ణోగ్రత సగటున సున్నకు 7 డిగ్రీల దిగువకు పోతుంది. చలి ముదిరినప్పుడు 15 డిగ్రీల దిగువకు కూడా దిగుతుంది. మోటారు కార్ల పరిశ్రమకు పేరుపొందిన ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు ఇంజనీర్లు తక్కువమంది కాదు. అక్కడ పాత స్పోర్ట్స్ కార్లను కొని, ఇంటి పక్కనున్న షెడ్డులో సొంత చేతులతో బాగుచేసుకోవడం చాలామందికి వ్యసనం.

ఇద్దరు కూర్చోవడానికి వీలైన, తేలికైన, చురుకైన చిన్న కారును స్పోర్ట్స్ కారు అంటారు. ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎం.జి.బి. ఇందుకు మంచి ఉదాహరణ. ఈ రకం కార్లు 5 లక్షలకు పైగా తయారైనవి. వాటిలో ఎక్కువ భాగం అమెరికాకే ఎగుమతి అయినవి.

ఈ కార్ల మరమ్మతుకు చలికాలాన్నే ఎందుకు ఎన్నుకుంటారు? కారణం ఉప్పు. డెట్రాయిట్ నగరం కింద సుమారు 1,200 అడుగుల లోతున పెద్ద ఉప్పు గని ఉన్నది. కోట్ల సంవత్సరాల క్రితం ఎండిపోయిన సముద్రం మిగిల్చిన ఉప్పు అది. నీటిలో ఉప్పు కలిస్తే సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు కనుక రోడ్ల మీది మంచును కరిగించడానికి దానిని చల్లుతారు. ఆ ఉప్పునీరు ఇనుము తుప్పు పట్టడాన్ని త్వరితం చేస్తుంది. అందుచేత పాత కారును నవంబరులో షెడ్డులో పెట్టి, వసంతం దాకా బయటికి తీయరు. ఆ నాలుగైదు నెలలే మరమ్మతుకు దొరికే కాలం. ఆ కాలంలో షెడ్డులోని ప్రతి పదార్థమూ తన గుణాన్ని కొంత మార్చుకుంటుంది.

నూనె, బాటరీ

ముందుగా ఇంజను నూనెను చూద్దాం. ద్రవం పారడానికి దానిలోనే ఉండే నిరోధాన్ని స్నిగ్ధత అంటారు. తేనెకు స్నిగ్ధత ఎక్కువ, నీటికి తక్కువ. ఉష్ణోగ్రత తగ్గినకొద్దీ నూనెల స్నిగ్ధత చాలా వేగంగా పెరుగుతుంది. పాత ఎం.జి.బి. కార్లలో వాడే నూనె డబ్బా మీద ‘20డబ్ల్యూ-50’ అని ఉంటుంది. ఇందులో ‘డబ్ల్యూ’ శీతకాలాన్ని సూచించే ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరం. ఈ తరగతి నూనె ఇంజనును తిరగనిచ్చేంత పలుచగా ఉన్నదా లేదా అని సున్నకు 15 డిగ్రీల దిగువన పరీక్షిస్తారు. చలి అంతకంటె ముదిరితే నూనె మైనంలాగా చిక్కబడి, ఇరుసులను పట్టుకున్నట్లు ఉంటుంది.

సరిగ్గా ఆ సమయానికే బాటరీ బలహీనమవుతుంది. సీసపు పలకలకు, గంధకికామ్లానికి మధ్య జరిగే రసాయనిక చర్య వల్ల విద్యుత్తు పుడుతుంది. ఉష్ణోగ్రత తగ్గితే ఈ చర్య మందగిస్తుంది. సున్నకు 18 డిగ్రీల దిగువన బాటరీ ఇవ్వగల శక్తి మామూలులో సగానికి పడిపోవచ్చు. అంటే ఇంజనును తిప్పడానికి ఎక్కువ బలం కావలసిన రోజుననే తక్కువ బలం దొరుకుతుందన్నమాట.

ఇంకొక చిక్కు ఉన్నది. నిండుగా చార్జి ఉన్న బాటరీలోని ఆమ్లం సున్నకు 50 డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టదు. చార్జి పూర్తిగా దిగిపోయిన బాటరీలో మిగిలేది దాదాపు నీరే. అది సున్నకు 10 డిగ్రీల దిగువ ప్రాంతంలోనే గడ్డకట్టి బాటరీ పెట్టెను పగలగొట్టవచ్చు. కనుక చలికాలంలో బాటరీని నిండుగా ఉంచుకోవడం మొదటి జాగ్రత్త.

నీరు పెరిగితే ఇనుము పగులుతుంది

చాలా పదార్థాలు గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతాయి. నీరు మాత్రం పెరుగుతుంది. గడ్డకట్టిన నీటి ఘనపరిమాణం సుమారు 9 శాతం ఎక్కువ. ఎం.జి.బి. ఇంజను దిమ్మ పోత ఇనుముతో చేసినది. దానిని చల్లబరచే నీరు లోపలి సందులలో తిరుగుతుంది. అక్కడ ఉత్త నీరే ఉంటే ఒక్క రాత్రిలో గడ్డకట్టి ఇనుమును పగలగొట్టగలదు. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవం సుమారు సున్నకు 37 డిగ్రీల దిగువ దాకా గడ్డకట్టదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. నేలమీద ఒలికిన దానిని వెంటనే తుడవకపోతే కుక్కలు, పిల్లులు నాకి చనిపోతాయి. దానిని పిల్లలకు అందకుండా కూడా ఉంచాలి.

చలి చేసే మేలు

చలి అన్నివేళలా శత్రువు కాదు. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం పల్లెలలో పెరిగినవారు చూసే ఉంటారు. పట్టాను నిప్పుల్లో కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రం మీదికి దింపి, నీళ్ళు పోస్తారు. పట్టా సంకోచించి చక్రాన్ని బిగించి పట్టుకుంటుంది. కారు మరమ్మతులో ఇదే సూత్రాన్ని తలకిందులు చేసి వాడతారు. గట్టిగా బిగిసి కూర్చోవలసిన బేరింగును రాత్రంతా చలిలో ఉంచి, అది కూర్చోవలసిన గూటిని వెచ్చచేస్తారు. 50 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు బేరింగు 40 డిగ్రీలు చల్లబడితే దాని వ్యాసం సుమారు 0.024 మిల్లీమీటరు తగ్గుతుంది. చూపుకు ఆనని ఈ తేడా వల్ల సుత్తి దెబ్బలతో పని లేకుండా బేరింగు గూటిలోకి జారుతుంది.

చెమట పట్టే ఇనుము

పనిచేసే మనిషికి చలి బాధ తప్పదు. ఇనుప పనిముట్లు వేళ్ళలోని వేడిని లాగివేస్తాయి. సిమెంటు నేల వీపులోని వేడిని లాగివేస్తుంది. వేళ్ళు మొద్దుబారితే చిన్న మరలు చేతిలో నిలవవు. అప్పుడు ఎవరికైనా తోచే ఉపాయం కిరోసిన్ పొయ్యి.

ఒక లీటరు కిరోసిన్ మండితే దానిలోని హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కలిసి సుమారు ఒక లీటరు నీటిని తయారుచేస్తుంది. పొగగొట్టం లేని పొయ్యి అయితే ఆ నీరంతా ఆవిరి రూపంలో షెడ్డులోనే మిగులుతుంది. చల్లని నీళ్ళు పోసిన చెంబు వెలుపల చెమట పట్టినట్లుగా, ఆ ఆవిరి చల్లని ఇనుము మీద బిందువులుగా పేరుకుంటుంది. తుప్పు భయంతో లోపల పెట్టిన కారు లోపలనే తుప్పు పడుతుంది.

అంతకంటె పెద్ద ప్రమాదం పెట్రోలు. నిప్పు తగిలితే అంటుకోగలిగినంత ఆవిరిని పెట్రోలు సున్నకు 40 డిగ్రీల దిగువన కూడా వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటె బరువైనది కనుక నేలమీద పాకుతూ పొయ్యిదాకా పోగలదు. ఎంత చలిగా ఉన్నా పెట్రోలు గొట్టం విప్పిన గదిలో మంట ఉండరాదు.

కనిపించని విషం

ఇక అసలు విషయానికి వద్దాం. కారు నెలల తరబడి కదలకుండా ఉంటే చెడిపోతుందని, వారానికి ఒకసారి పది నిమిషాలు ఇంజను నడపాలని చాలామంది నమ్ముతారు. చలికి షెడ్డు తలుపు మూసి ఉంచుతారు. ఈ రెండు అలవాట్లు కలిసినచోట మరణం పొంచి ఉంటుంది.

పెట్రోలు పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడు, నీరు ఏర్పడతాయి. ఆక్సిజను చాలకపోతే కార్బన్ మోనాక్సైడు ఏర్పడుతుంది. చల్లని ఇంజనులోకి మామూలుకంటె పెట్రోలు ఎక్కువ పాలు పంపితేనే అది అంటుకుంటుంది. కనుక చల్లని ఇంజను పొగలోనే ఈ విషం ఎక్కువ. ఇటీవలి కార్లలో దీనిని మార్చివేసే ఉత్ప్రేరక పరికరం ఉంటుంది. అది కూడా వందల డిగ్రీల వేడి ఎక్కేదాకా పనిచేయదు. 1960లలో తయారైన కార్లలో అది అసలే లేదు.

ఎంత సేపటిలో ఎంత విషం పోగవుతుందో ఒక చిన్న లెక్క వేయవచ్చు. షెడ్డు పొడవు 6 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2.5 మీటర్లు అనుకుందాం. దాని ఘనపరిమాణం 45 ఘనపు మీటర్లు, అంటే 45,000 లీటర్లు. ఎం.జి.బి. ఇంజను పరిమాణం సుమారు 1.8 లీటర్లు. రెండు చుట్లకు ఒకసారి ఇంజను నిండుతుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగితే 400 సార్లు నిండుతుంది. ప్రతిసారీ పూర్తిగా నిండితే 720 లీటర్లు కావాలి. కాని ఊరికే తిరిగే ఇంజనులోకి గాలి కొద్దిగానే పోతుంది. నాల్గవ వంతు అనుకుంటే 180 లీటర్లు. అంతే పొగ బయటికి వస్తుంది. అందులో 5 శాతం కార్బన్ మోనాక్సైడు ఉంటే నిమిషానికి 9 లీటర్లు. ఐదు నిమిషాలలో 45 లీటర్లు. అంటే షెడ్డు గాలిలో వెయ్యింట ఒక వంతు.

వెయ్యింట ఒక వంతు ఏం చేస్తుంది? రక్తంలోని హీమోగ్లోబిన్ ఊపిరితిత్తులలో ఆక్సిజనును పట్టుకొని శరీరమంతటికీ మోస్తుంది. కార్బన్ మోనాక్సైడును అది ఆక్సిజను కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 220 రెట్లు అనుకుందాం. గాలిలో ఆక్సిజను 21 శాతం, ఈ విషం 0.1 శాతం. 0.1ని 220తో గుణిస్తే 22. అంటే 21కి 22 పోటీ. అదే గాలిని చాలాసేపు పీల్చితే హీమోగ్లోబిన్‌లో సగం విషం చేతికి చిక్కుతుందన్నమాట. అంతలోనే స్పృహ తప్పవచ్చు. ఇంజను నడుస్తున్నంతసేపూ విషం పాలు ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. స్కాట్లండు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ దీనిని స్వయంగా పీల్చి, తన మీద దాని ప్రభావాన్ని పరిశీలించి, ఫలితాలను 1895లో ప్రకటించాడు. మనుషులకంటె ముందుగా చిన్న ప్రాణులు సొమ్మసిల్లుతాయి కనుక గనులలోకి వాటిని వెంట తీసుకుపోవాలని సూచించినది ఆయనే. మనిషికి మొదట తలనొప్పి, వికారం, నీరసం కలుగుతాయి. పనిచేసేవాడు వాటిని అలసట అనో, పడిశం అనో అనుకుంటాడు. తలుపు తెరవాలని తోచే తెలివి, లేచి నడిచే శక్తి సన్నగిల్లిన తరువాత ప్రమాదం తెలిసినా ప్రయోజనం లేదు.

ఇంత ముప్పు తెచ్చే ఆ పది నిమిషాల పరుగు వల్ల కారుకు మేలు కూడా లేదు. పెట్రోలు మండినా నీరే పుడుతుంది. ఇంజను బాగా వేడెక్కితే ఆ నీరు ఆవిరై పోతుంది. పది నిమిషాలలో అంత వేడి ఎక్కదు. నీరు పొగగొట్టంలోను, నూనెలోను నిలిచి తుప్పుకు కారణమవుతుంది. ఇంజనును వసంతం దాకా ముట్టకుండా ఉంచడమే మంచిది. తప్పనిసరి అయితే కారును బయటికి తోసి అక్కడ నడపాలి. తలుపు తెరిచినంత మాత్రాన చాలదు. షెడ్డు ఇంటికి ఆనుకొని ఉంటే వాయువు గోడ సందుల గుండా పడకగదుల దాకా పోతుంది. అందుచేత ఇంటిలో ఈ వాయువును కనిపెట్టి మోగే పరికరం ఉండాలి.

మరి చలికి ఉపాయం ఏమిటి? షెడ్డునంతా వెచ్చబెట్టడానికి బదులు, వేడి అవసరమైన దానిని మాత్రమే వెచ్చబెట్టాలి. బాటరీని విప్పి, చలి తక్కువగా ఉండి గాలి ఆడే చోట చార్జి చేయాలి. కార్బురేటరును విప్పి, పెట్రోలు పూర్తిగా ఒంపి, ఆరిన తరువాత ఇంటిలోని బల్ల మీద బాగుచేయవచ్చు. కారు కింద పడుకునేటప్పుడు నేల మీద మందమైన అట్ట పరచుకోవాలి. రంగులు, జిగురులు చలిలో ఆరవు కనుక ఆ పనిని ఏప్రిలుకు వాయిదా వేయాలి.

ఈ లెక్క మిచిగన్‌కు మాత్రమే పరిమితం కాదు. చలికాలంలో బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి కిటికీలు మూసే అలవాటు మన ప్రాంతంలోనూ ఉన్నది. కరెంటు పోయినప్పుడు పెట్రోలు జనరేటరును వరండా లోపల నడిపేవారూ ఉన్నారు. కుంపటి నుంచి, జనరేటరు నుంచి వచ్చేది కూడా అదే వాయువు. విద్యార్థులు తమ ఇంటిలో ఒక గది పొడవు, వెడల్పు, ఎత్తులు కొలిచి, ఆ గది గాలిలో వెయ్యింట ఒక వంతు ఎన్ని లీటర్లో లెక్కకట్టాలి. జవాబు ఎంత చిన్నదో చూసినవారు ఆ రాత్రి కిటికీ తెరిచే పడుకుంటారు.