అండర్‌టేక్ అంటే ఒప్పుకోవడం కాదు.. సంతకం పెట్టే ముందు ఈ ఇంగ్లీష్ మాట అసలు అర్థం తెలుసుకోండి!

కాలేజీ అడ్మిషన్ ఫామ్, బ్యాంకు లోన్ పేపర్లు, కోర్టులో వేసే అఫిడవిట్.. ఈ మూడింటిలోనూ తరచూ కనిపించే మాట ఒకటుంది. అదే ‘ఐ హియర్‌బై అండర్‌టేక్’. చాలామంది దీన్ని ‘పైన రాసిందంతా ఒప్పుకుంటున్నా’ అనుకుని సంతకం పెట్టేస్తారు. కానీ దాని అర్థం అది కాదు. ‘ఇకమీదట ఈ పని చేస్తానని మాట ఇస్తున్నా’ అని అర్థం. ఈ తేడా తెలియకపోతే తర్వాత చిక్కుల్లో పడే అవకాశం ఉంది.

ఒకే మాట.. రెండు అర్థాలు

అండర్‌టేక్ తర్వాత ఒక పని పేరు వస్తే ‘చేపట్టడం’ అని అర్థం. ఉదాహరణకు ‘ద కంపెనీ అండర్‌టుక్ ద బ్రిడ్జ్ వర్క్’ అంటే ఆ కంపెనీ వంతెన పనిని చేపట్టిందని. ప్రభుత్వ రంగ సంస్థల్ని ‘పబ్లిక్ సెక్టార్ అండర్‌టేకింగ్’ అనేది కూడా ఇలాంటి అర్థంతోనే. విశాఖ స్టీల్‌ప్లాంట్‌ను నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అలాంటి సంస్థే.

అదే అండర్‌టేక్ తర్వాత ‘టు’ వచ్చి, ఆ వెంటనే చేసే పని వస్తే ‘హామీ ఇవ్వడం’ అని అర్థం. ‘ఐ అండర్‌టేక్ టు పే ద ఫీజ్ బిఫోర్ జూన్ 30’ అంటే జూన్ 30లోపు ఫీజు కడతానని హామీ ఇస్తున్నట్టు. ఫామ్‌లలో కనిపించేది ఎక్కువగా ఈ రెండో అర్థమే.

డిక్లేర్ వేరు.. అండర్‌టేక్ వేరు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఇప్పటికే జరిగిన విషయం గానీ, ఇప్పుడున్న విషయం గానీ చెప్పడానికి ‘డిక్లేర్’ వాడాలి. ‘ఐ డిక్లేర్ దట్ ద డీటెయిల్స్ ఆర్ ట్రూ’ అంటే ఇచ్చిన వివరాలు నిజమేనని చెబుతున్నట్టు. ఇకముందు చేయబోయే దానికి ‘అండర్‌టేక్’ వాడాలి. ‘ఐ అండర్‌టేక్ టు సబ్మిట్ ద ఒరిజినల్స్ వితిన్ టెన్ డేస్’ అంటే పది రోజుల్లో ఒరిజినల్స్ ఇస్తానని మాట ఇస్తున్నట్టు.

గుర్తుపెట్టుకోవడం చాలా ఈజీ. డిక్లేర్ అంటే ‘ఇది నిజం’. అండర్‌టేక్ అంటే ‘ఇది చేస్తా’.

ఎక్కువగా జరిగే తప్పులు ఇవే

- ‘ఐ అండర్‌టేక్ ఫర్ పేయింగ్’ తప్పు. ‘ఐ అండర్‌టేక్ టు పే’ అనాలి.
- ‘అండర్‌టేకెడ్’ అనే మాటే లేదు. గతంలో అయితే ‘అండర్‌టుక్’. హ్యావ్, హ్యాజ్ తర్వాత అయితే ‘అండర్‌టేకెన్’.
- ఏదైనా చేయనని చెప్పాలంటే ‘టు’ ముందు ‘నాట్’ పెట్టాలి. ‘ఐ అండర్‌టేక్ నాట్ టు సెల్ ద ప్రాపర్టీ’ అంటే ఆ ఆస్తి అమ్మనని హామీ ఇస్తున్నట్టు.
- ఒకరి బాధ్యతల్ని ఇంకొకరు తీసుకుంటే అది ‘టేక్ ఓవర్’. అక్కడ అండర్‌టేక్ కుదరదు. కొత్త మేనేజర్ ఛార్జ్ తీసుకున్నారని చెప్పాలంటే ‘టుక్ ఓవర్’ అనాలి.
- ‘అండర్‌టేకర్’ అంటే హామీ ఇచ్చిన వ్యక్తి అనుకుంటే పొరపాటే. ఇంగ్లీష్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చూసేవాళ్లను అలా పిలుస్తారు.

ఇంకో విషయం.. ఇది ఆఫీసు భాష, కోర్టు భాష. ఫ్రెండ్‌కి ‘సాయంత్రం ఫోన్ చేస్తా’ అని చెప్పడానికి ‘ఐ అండర్‌టేక్ టు కాల్ యూ’ అంటే నవ్వుతారు. అక్కడ ‘ఐ విల్ కాల్ యూ’ చాలు. కాస్త గట్టిగా చెప్పాలంటే ‘ఐ ప్రామిస్’ సరిపోతుంది.

సంతకం పెడితే ఏమవుతుంది?

కోర్టుకు ఇచ్చే అండర్‌టేకింగ్ చాలా సీరియస్. అద్దెకున్న వ్యక్తి ఫలానా తేదీలోపు ఇల్లు ఖాళీ చేస్తానని కోర్టుకు హామీ ఇచ్చి, కావాలనే తప్పితే అది కోర్టు ధిక్కారం కిందకు వస్తుంది. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం సెక్షన్ 2(బీ)లో ఈ విషయం స్పష్టంగా ఉంది. అదే చట్టంలోని సెక్షన్ 12 ప్రకారం గరిష్ఠంగా 6 నెలల జైలు, 2 వేల రూపాయల జరిమానా విధించే వీలుంది.

లోన్‌కి ష్యూరిటీ సంతకం పెట్టేవాళ్లూ ఈ మాటను జాగ్రత్తగా చూడాలి. ‘అప్పు తీసుకున్న వ్యక్తి కట్టకపోతే నేను కడతా’ అని హామీ ఇచ్చేది ఆ కాగితంలోనే. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాళ్లకు ఎంత బాధ్యత ఉంటుందో ష్యూరిటీ ఇచ్చినవాళ్లకూ అంతే ఉంటుంది. బావమరిది లోన్ కదా, ఊరికే సాక్షి సంతకం అనుకుంటే కుదరదు.

కాలేజీల్లోనూ అంతే. యూజీసీ 2009లో తెచ్చిన యాంటీ ర్యాగింగ్ నిబంధనల ప్రకారం విద్యార్థి ఒక అఫిడవిట్, తల్లిదండ్రులు మరో అఫిడవిట్ ఇవ్వాలి. ర్యాగింగ్ చేసినట్టు తేలితే సస్పెన్షన్ నుంచి కాలేజీ నుంచి తీసేయడం వరకు చర్యలుంటాయి.

సంతకానికి ముందు ఇవి చూడండి

- అండర్‌టేక్ తర్వాత ఏముందో పూర్తిగా చదవండి. మీరిచ్చే హామీ అక్కడే ఉంటుంది.
- ఎప్పటిలోపు చేయాలో తేదీ ఉందా, ఎంత మొత్తమో రాసి ఉందా చూసుకోండి.
- ఖాళీలు వదిలేసిన కాగితం మీద సంతకం పెట్టొద్దు.
- మాట తప్పితే ఏం చేస్తారన్నది కింది లైన్లలో ఉంటుంది, వదిలేయకండి.
- సంతకం పెట్టిన కాగితం కాపీ ఒకటి తీసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసినా సరే.

అర్థం కాకపోతే కౌంటర్‌లో ఉన్నవాళ్లను ఒక్కటే అడగండి: ‘దీని ప్రకారం నేను ఏం చేయాలి, ఎప్పటిలోపు చేయాలి?’ దానికి స్పష్టమైన జవాబు వచ్చాకే పెన్ను తీయండి.