డిస్కు మారినా.. సాక్ష్యం చెదరకూడదు!
సీసీ కెమెరాల దృశ్యాలను పెద్ద హార్డ్‌డిస్కుకు మార్చడంలో మెలకువలు

నెలాఖరున సరకు లెక్క చూసుకుంటే నగల దుకాణంలో ఒక గొలుసు తగ్గిందనుకుందాం. అది ఎప్పుడు పోయిందో తెలుసుకుందామని యజమాని సీసీ కెమెరాల దృశ్యాలు తిరగేస్తే గత పదకొండు రోజులవే కనిపించాయి. అంతకు ముందువన్నీ చెరిగిపోయాయి. ఇక పెద్ద హార్డ్‌డిస్కు వేయించాలని మెకానిక్కును పిలిపిస్తే, పాత డిస్కును కూడా ఫార్మాట్ చేసి, అందులో మిగిలిన ఆ కాస్తా తుడిచిపెట్టి వెళ్లాడు. కెమెరాలకు వేలాది రూపాయలు వెచ్చించినా, అవసరమైన రోజున ఆధారం చేతికి రాలేదు. కొద్దిపాటి అవగాహన ఉంటే ఈ నష్టం తప్పుతుంది.

నిండితే చెరిపేస్తుంది..
కెమెరాల దృశ్యాలను నమోదు చేసే పెట్టెను డిజిటల్ వీడియో రికార్డర్ (డీవీఆర్) అంటారు. అందులోని హార్డ్‌డిస్కు నిండగానే రికార్డింగు ఆగిపోదు. అన్నింటికంటే పాత రోజు దృశ్యాలను చెరిపి, ఆ చోటనే కొత్తవి రాస్తూ పోతుంది. పలక నిండితే పై వరుస తుడిచి మళ్లీ రాసుకున్నట్లే. అందుకే డిస్కు ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ రోజుల దృశ్యాలు మిగులుతాయి.

చట్టం ఏమంటోంది?
హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న జంట పేలుళ్లు జరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టం వచ్చిందీ అదే ఏడాది. జనం పెద్దసంఖ్యలో వచ్చిపోయే సంస్థలు సీసీ కెమెరాలు ఏర్పాటు చేసుకోవాలని, 30 రోజుల దృశ్యాలను భద్రపరచాలని ఆ చట్టం నిర్దేశించింది. ఇక ఠాణాల విషయంలో సుప్రీంకోర్టు మరింత కఠినంగా వ్యవహరించింది. దేశంలోని అన్ని పోలీస్‌స్టేషన్లలో కెమెరాలు ఉండాలని, 18 నెలల దృశ్యాలు దాచాలని, అందుకు తగిన పరికరాలు దొరకకపోతే కనీసం ఏడాదివైనా ఉండాలని 2020 డిసెంబరు 2న తీర్పు ఇచ్చింది.

లెక్క ఇదీ..
రెండు మెగాపిక్సెళ్ల కెమెరా ఒకటి సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ ఖర్చవుతుంది. నాలుగు కెమెరాలకు అది 86 జీబీ దాటుతుంది. అంటే ఒక టీబీ డిస్కు పదకొండు రోజులకే నిండిపోతుంది. నెల రోజులు నిల్వ ఉండాలంటే 2.6 టీబీ కావాలి కనుక నాలుగు టీబీల డిస్కు వేసుకోవడం మేలు. ఎనిమిది కెమెరాలైతే 5.2 టీబీ అవసరం. కొత్త డీవీఆర్‌లలోని హెచ్.265 పద్ధతిని ఎంచుకుంటే ఇందులో దాదాపు సగం స్థలంతోనే సరిపెట్టుకోవచ్చు. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా అమర్చినా స్థలం ఆదా అవుతుంది.

కొనే ముందు డీవీఆర్ ఎంత పెద్ద డిస్కును స్వీకరిస్తుందో దానితో వచ్చిన పుస్తకంలో చూడాలి. పాత పెట్టెలు కొన్ని రెండు టీబీలకు మించి గుర్తించవు. కంప్యూటర్లలో వాడే మామూలు డిస్కు కాకుండా, రాత్రింబవళ్లు రాసే పనికోసం ప్రత్యేకంగా తయారుచేసిన నిఘా డిస్కునే అడిగి తీసుకోవాలి.

నకలు తీయడం ఇలా..
డీవీఆర్ తన డిస్కులో దృశ్యాలను సొంత పద్ధతిలో రాసుకుంటుంది. ఆ డిస్కును నేరుగా కంప్యూటరుకు తగిలిస్తే చాలావాటిలో ఏమీ కనిపించదు. పైగా ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడుగుతుంది. పొరపాటున సరేనని నొక్కితే మొదటికే మోసం. కాబట్టి కింది క్రమం పాటించడం క్షేమం.

* మొదట డీవీఆర్ మెనూలోకి వెళ్లి రికార్డింగును, పాతవాటిపై కొత్తవి రాసే ఏర్పాటును ఆపేయాలి. అవసరమైన దృశ్యాలు చెరిగిపోకుండా ఇదే కాపాడుతుంది.

* కావలసిన కెమెరా, తేదీ, సమయం ఎంచుకుని బ్యాకప్ ద్వారా పెన్‌డ్రైవులోకి గానీ, బయటి హార్డ్‌డిస్కులోకి గానీ ఎక్కించాలి. ఘటనకు ముందు, వెనుక పావుగంట చొప్పున అదనంగా తీసుకోవాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులో నాలుగు జీబీలకు మించిన ఒకే ఫైలు పట్టదు. అలాంటప్పుడు గంట, రెండు గంటల ముక్కలుగా తీసుకోవాలి.

* దృశ్యాలు ఎక్కువగా ఉంటే నెట్‌వర్క్ తీగతో కంప్యూటరుకు కలిపి, డీవీఆర్ తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ద్వారా దించుకోవచ్చు. ఇందుకు ఓపిక అవసరం. సెకనుకు 30 మెగాబైట్ల వేగం అందినా ఒక టీబీ నకలు కావడానికి తొమ్మిది గంటలకు పైగా పడుతుంది.

* నకలు తీసిన ఫైళ్లను మరో కంప్యూటరులో ఆడించి చూసుకోవాలి. కొన్నింటికి ప్రత్యేక ప్లేయర్ కావాలి. దాన్ని కూడా వెంటే భద్రపరచాలి.

* ఆ తర్వాతే డీవీఆర్‌ను మెనూ ద్వారా ఆపి, కరెంటు తీసి, పాత డిస్కు విప్పాలి. కొత్తదాన్ని బిగించాక డీవీఆర్ లోనే ఫార్మాట్ చేయాలి. తేదీ, సమయం సరిచూసి రికార్డింగును, మొదట ఆపిన ఏర్పాటును తిరిగి ప్రారంభించాలి.

రెండు డిస్కులు పట్టే పెట్టె అయితే పని మరింత సులువు. పాత డిస్కును ‘చదవడానికి మాత్రమే’ అని మెనూలో మార్చి అలాగే ఉంచి, కొత్తదాన్ని రెండో గదిలో బిగిస్తే సరిపోతుంది. ఫార్మాట్ చేసేటప్పుడు మాత్రం ఎంచుకున్నది కొత్త డిస్కేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

క్లోనింగ్‌తో చిక్కు
పాత డిస్కును ఉన్నదున్నట్లుగా పెద్ద డిస్కులోకి ఎక్కించే క్లోనింగ్ పరికరాలు బజారులో దొరుకుతాయి. ఇందులో ఒక మెలిక ఉంది. పాత డిస్కు హద్దుల పట్టిక కూడా యథాతథంగా కొత్తదానిలోకి వస్తుంది. దాంతో నాలుగు టీబీల డిస్కును సైతం డీవీఆర్ ఒక టీబీగానే చూడవచ్చు. మిగిలిన స్థలం కావాలంటే ఫార్మాట్ చేయాలి, చేస్తే దృశ్యాలు పోతాయి. కాబట్టి చెడిపోయే దశలో ఉన్న డిస్కు నుంచి దృశ్యాలు రక్షించుకోవడానికే తప్ప, స్థలం పెంచుకోవడానికి క్లోనింగ్ అక్కరకు రాదు.

కోర్టులో నిలవాలంటే..
నకలు చేతిలో ఉన్నంత మాత్రాన కోర్టు దాన్ని సాక్ష్యంగా స్వీకరించదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ నకలుతో పాటు ధ్రువపత్రం సమర్పించాలి. అంతకుముందు సాక్ష్యాధారాల చట్టంలోని 65బి సెక్షన్ కింద ఈ నిబంధన ఉండేది. అసలు పరికరాన్నే కోర్టు ముందుంచలేనప్పుడు ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020 జులైలో స్పష్టం చేసింది. కొత్త ధ్రువపత్రంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండోది నిపుణుడు పూర్తిచేయాలి. ఫైలు ‘హ్యాష్’ విలువ కూడా రాయాలి. ఇది ఫైలుకు వేలిముద్ర వంటిది. అందులో ఒక్క అక్షరమంత మార్పు జరిగినా ఈ విలువ మారిపోయి, తేడా బయటపడుతుంది.

గడియారాన్నీ విస్మరించరాదు. డీవీఆర్ సమయం అసలు సమయం కంటే ఇరవై నిమిషాలు ముందుంటే, నిందితుడు ఆ వేళ మరోచోట ఉన్నానని వాదించే వీలు చిక్కుతుంది. నకలు తీసిన రోజునే ఆ తేడాను కాగితంపై రాసుకోవాలి.

పాత డిస్కును ఏం చేయాలి?
కేసు ఉన్నా, వచ్చే అవకాశం ఉన్నా పాత డిస్కును అమ్మడం, మరో పెట్టెకు వాడటం తగదు. దాని సీరియల్ సంఖ్య, తీసిన తేదీ రాసి, స్థిరవిద్యుత్తు సోకని సంచిలో ఉంచి, తేమ, అయస్కాంతాలు లేనిచోట దాచాలి. పోలీసులకు అప్పగిస్తే రసీదు తీసుకోవాలి. డిస్కులో ఎన్ని రోజుల దృశ్యాలు ఉన్నాయో వారానికి ఒకసారి చూసుకుంటే, దొంగతనం జరిగాక విచారించే పని ఉండదు.