జపానులో అద్దెగది

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫుదేశములకుఁ బోయిన కూలీలలోఁ బెక్కండ్రకుఁ గంపెనీయే బస చూపును. జపానునకు ఉపాధ్యాయులై పోవువారికి ఆ సదుపాయ మన్నిచోట్ల లేదు. అచ్చటి యద్దెయిండ్లలోఁ దఱచుగా దీపములు, పొయ్యి సయితము నుండవు. కావున కిరాయ హెచ్చైనను, సామానుతోఁ గూడిన గదియే క్రొత్తవారికి మేలని మా తలంపు.

ముందుగా రెండు రొక్కము లడుగుట కలదు. "శికికిన్" ధరావతు, బాకీలు పోను తిరిగివచ్చును. "రెయికిన్" యజమానికిచ్చు కానుక, మరల రాదు. ఈ భేదమెఱుఁగక సంతకము చేసినవారు ఇల్లు విడుచునాఁడు దుఃఖింతురు. జామీనుదారు దొరకనివారికి రుసుము గైకొని పూచీపడు కంపెనీలును గలవు.

2020 ఏప్రిల్ నుండి అమలైన చట్టసవరణచే, ఒడంబడికలో వేఱు షరతు లేనిచో, మామూలు వాడుకవలన నైన యరుగుదలకు అద్దెదారుఁడు బాధ్యుఁడు కాఁడు. అయినను, ప్రవేశించిన దినముననే సామానులో పగిలినవానిని, చిరిగినవానిని వ్రాసి, ఫొటోలు తీసి, యజమానికిఁ జూపవలెను.