మన్యం చలికి మందు పొయ్యి... పొయ్యికి మందు ఏది?

పాడేరు: మార్గశిరం వచ్చిందంటే మన్యంలో పొయ్యి ఆరదు. లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాలు సముద్ర మట్టానికి సుమారు 800 నుంచి 1000 మీటర్ల ఎత్తున ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీలలోపునకు, కొన్ని రోజుల్లో 5 డిగ్రీలలోపునకు కూడా దిగిపోతుంది. పొగమంచు చూడవచ్చే మైదానవాసులకు అది వేడుక. అక్కడి గిరిజన కుటుంబానికి మాత్రం రాత్రి గడవడమే సమస్య.

ఆ సమస్యకు వారి చేతిలో ఉన్న సాధనం కట్టెల పొయ్యి ఒక్కటే. ఒకే నిప్పు మీద చోడి అంబలి ఉడుకుతుంది. నీళ్లు కాగుతాయి. పైన వేలాడదీసిన మొక్కజొన్న కంకులు పురుగు పట్టకుండా ఆరతాయి. ముసలివారు, పసిపిల్లలు చుట్టూ చేరి చలి కాచుకుంటారు. ఈ నాలుగు పనుల్లో వంట ఒక్కదానినే లెక్కలోకి తీసుకున్న పథకాలు పొయ్యిని పూర్తిగా మాన్పించలేకపోవడంలో వింత లేదు.

వృథా అయ్యే వేడి ఎవరికి?

మూడు రాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో దాదాపు పదో వంతు మాత్రమే గిన్నెకు అందుతుందనీ, మిగిలినదంతా వృథా అనీ నిపుణులు చెబుతారు. మైదానంలో ఆ మాట నిజమే. మన్యంలో శీతకాలపు రాత్రి ఆ ‘వృథా’ వేడే ఇంటిల్లిపాదినీ కాపాడుతున్నది.

అయితే ఆ వేడితోపాటు వచ్చే పొగ ప్రాణాంతకం. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పసిపిల్లలకు న్యుమోనియా, పొయ్యి దగ్గర ఎక్కువ సేపు గడిపే స్త్రీలకు దీర్ఘకాలపు దగ్గు, ఆయాసం దీని ఫలితాలే. అంతకన్నా ప్రమాదకరమైనది కుంపటి. తలుపులు బిగించి నిప్పుల కుంపటి పక్కన నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారు లేవకుండానే పోతారు. పొగ కనిపించడం లేదు కదా అని నిప్పులను నమ్మరాదు.

వచ్చిన పథకాలు

పొగలేని పొయ్యిల జాతీయ కార్యక్రమం 1980 దశకంలో మొదలై 2002లో ముగిసింది. చాలాచోట్ల గొట్టాలు పగిలిపోయాయి, మసితో పూడిపోయాయి. బాగుచేసేవారు లేక జనం పాత పొయ్యికే మళ్లారు. 2016లో ఉజ్వల పథకం, 2024 నవంబరులో ఏడాదికి 3 ఉచిత సిలిండర్ల దీపం-2 పథకం వచ్చాయి. గ్యాసు వంటకు మేలే. కాని రాత్రంతా గ్యాసు వెలిగించి చలి కాచుకోవడం సాధ్యం కాదు, క్షేమమూ కాదు.

గోబర్ గ్యాసుకు మరో చిక్కు ఉన్నది. సుమారు 25 కిలోల పేడ నుంచి రోజుకు ఒక ఘనపు మీటరు గ్యాసు రావాలి. పేడను గ్యాసుగా మార్చే సూక్ష్మజీవులకు వెచ్చదనం కావాలి. 15 డిగ్రీల కంటే చల్లబడితే అవి మందగిస్తాయి. సరిగ్గా అవసరమైన నెలల్లోనే గ్యాసు తగ్గిపోతుందన్నమాట. తొట్టిని భూమిలో ఉంచి, పైన గడ్డి కప్పితే కొంత నయం.

సౌరశక్తితో గది వేడిచేయడం లెక్కకు అందదు. వెయ్యి వాట్ల హీటరు ఐదు గంటలు వాడితే 5 యూనిట్లు ఖర్చవుతాయి. 100 వాట్ల సౌరఫలకం రోజుకు ఇచ్చేది అర యూనిట్ లోపే. ఒక గదికి పది ఫలకాలు పైబడి, రాత్రికి నిలవచేసే బ్యాటరీలు కావాలి. నీళ్లు కాచడానికి మాత్రం సౌరశక్తి అక్కరకు వస్తుంది. సుమారు రెండు చదరపు మీటర్ల సౌర హీటరుతో 100 లీటర్ల నీరు కాగుతుంది. మంచు విడిన తరువాత కాసే ఎండ చాలు. పాఠశాలల వసతి గృహాలకు ఇది ఎంతో ఉపయోగం.

చేయగలిగినది

మిగిలిన దారి కట్టెనే సక్రమంగా కాల్చడం. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే. ఆ నీటిని ఆవిరి చేయడానికే మంట కొంత భాగం ఖర్చవుతుంది, పొగా ఎక్కువ వస్తుంది. వేసవిలోనే కట్టె చీల్చి, నేలకు తగలకుండా, చూరు కింద గాలాడేటట్లు పేర్చుకోవాలి. రెండు కట్టెలు తాటిస్తే ఖణేలుమనాలి. అప్పుడే ఎండినట్లు లెక్క. కట్టె కోసం అడవి నరకనక్కరలేదు. కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల కొమ్మలు, కాఫీ మొక్కల కత్తిరింపులు ఇందుకు పనికివస్తాయి.

పొయ్యికి మందపాటి మట్టి గోడలు ఉండాలి. మంట ఆరిన తరువాత కూడా ఆ మట్టి వేడిని కొన్ని గంటలు వదులుతూ ఉంటుంది. పొగ గొట్టం కప్పును దాటి పైకి పోవాలి. పూరిల్లయితే గడ్డికి తగలకుండా చుట్టూ ఖాళీ వదలాలి. నెలకొకసారి మసి దులపాలి. గొట్టం అమర్చిన తరువాతనే గోడకూ కప్పుకూ మధ్య సందులు మూయాలి. ముందే మూస్తే పొగ ఇంట్లోనే నిలుస్తుంది. అన్నీ అమర్చినా గాలి రావడానికి ఒక కంత తెరిచి ఉంచక తప్పదు.

గొట్టం ఇచ్చి చేతులు దులుపుకుంటే వెనుకటి కథే పునరావృతమవుతుంది. ప్రతి పంచాయతీలో పొయ్యి కట్టగల, బాగుచేయగల ఇద్దరు ముగ్గురు స్త్రీలకు పని నేర్పి, చేసిన పనికి కూలి చెల్లించినప్పుడే ఇది నిలబడుతుంది. ఐటీడీఏ, ఇంధన శాఖల అధికారులు చలికాలం ముంచుకురాకముందే, వేసవిలోనే దీనిపై దృష్టి సారించవలసి ఉన్నది.