పాత సైకిలు – జీర్ణోద్ధారణము



జీర్ణమైన దేవాలయమును బాగుచేయుటకును, శిథిలమైన తాళపత్ర గ్రంథమును పరిష్కరించుటకును మన పెద్దలు కొన్ని నియమము లేర్పరచిరి. ఇంటి వసారాలో మూలబడియున్న తాతగారి సైకిలునకును ఆ నియమములే వర్తించునని చెప్పినచో కొందరు నవ్వవచ్చును. కాని బడిపంతులు మొదలు టపాబంట్రోతు వరకు, పాలవాడు మొదలు బట్టల మూటవాని వరకు, గడచిన శతాబ్దమున ఎన్నియో తెలుగు కుటుంబముల జీవనము ఆ రెండు చక్రములమీదనే నడచినది. అట్టి బండిని ఇంటియొద్దనే తిరిగి నడిపించు విధానమును నేడు మనవి చేసెదను.

ముందుగా బండి పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనవలెను. రెండు చక్రములును ఇంచుమించు సమానముగా నుండి, గొలుసు వెనుక చక్రమును త్రిప్పునట్టి సైకిలును 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ రోవరను పేర వెలయించెను. 1888లో డన్‌లప్ దానికి తగిన గాలిటైరును కల్పించెను. మన నల్లని బరువు సైకిళ్ళన్నియు ఆ వంశమునకు చెందినవే. మన దేశమున సోనీపత్‌లో అట్లాస్ 1951లోను, లూధియానాలో హీరో 1956లోను వెలసినవి. అంతకు పూర్వము వచ్చినవి చాలవరకు నాటింగ్‌హామ్ ర్యాలీలు, బర్మింగ్‌హామ్ హెర్క్యులీసులు, బి.ఎస్.ఎ.లు. వెనుక చక్రపు హబ్బునందు స్టర్మీ ఆర్చర్ మూడు వేగముల యంత్రమున్నచో, పైతొడుగుమీద సంవత్సరమును తెలుపు రెండంకెలు సాధారణముగా ముద్రింపబడియుండును. తాళపత్రము తుదిని లేఖకుడు వ్రాసిన కాలనిర్దేశము వంటిదది. అయితే చక్రము తరువాత మార్చినదై యుండవచ్చును గనుక తక్కిన భాగములతో సరిచూడవలెను.

పిదప చట్రమును తుడిచి, హేండిలు క్రింద గొట్టములు కలియుచోట మంచి వెలుతురులో పరీక్షింపుడు. రంగు సన్నగీతవలె అడ్డముగా చీలియున్నచో దాని క్రింద ఉక్కే పగిలియుండవచ్చును. నిపుణుడు చూచి సరియనువరకు అట్టి బండి నెక్కరాదు.

విప్పునపుడు బలముకంటె తెలివి ముఖ్యము. మరను కుడికి త్రిప్పిన బిగియును, ఎడమకు త్రిప్పిన వదులగును, ఇది ఉత్సర్గము. సైకిలునందు దీనికి ముఖ్యమైన అపవాదములు రెండు గలవు. ఎడమ పెడలునకును, బ్రిటిషు బండ్ల క్రాంకు ఇరుసునకు గొలుసువైపునున్న గిన్నెకును ఎదురుమర యుండును. అపవాదము తెలియని విద్యార్థివలె వానిని ఎడమకు త్రిప్పినకొలది అవి మరింత బిగిసి, తుదకు మర చెడిపోవును. మరియొకటి. పాత ర్యాలీ గిన్నెలకు అంగుళమునకు 26 మరచుట్లు, తక్కిన బ్రిటిషు బండ్లకు సాధారణముగా 24. ఒకదాని గిన్నెను మరియొకదానికి బలవంతముగా ఎక్కించినచో చట్రమే పాడగును.

క్రాంకును పట్టియుంచు కాటరు మేకును తీయునపుడు, క్రాంకు క్రింద ఒక ఇనుపగొట్టము నాధారముగా నిలిపి సుత్తితో కొట్టవలెను. ఆధారము లేనిచో దెబ్బ లోపలి గిన్నెలకు తగిలి గుంటలు పడును. తిరిగి బిగించునపుడు రెండు మేకులును ఎదురెదురు దిశలనుండి పోవలెను. లేనిచో క్రాంకులు రెండును ఒకే వరుసలో నిలువవు.

హబ్బులోని గుండ్లను కిరసనాయిలుతో కడిగి చూడుడు. పొయ్యి దరిదాపుల ఈ పని కూడదు. వెనుక హబ్బునకు సాధారణముగా ప్రక్కకు 9 చొప్పున పావు అంగుళపు గుండ్లుండును. ఒక్కటి చెడినను ఆ ప్రక్కవన్నియు మార్చవలెను. అరిగినవాని నడుమ క్రొత్తది పెద్దదై, బరువంతయు తానే మోయవలసివచ్చును. గ్రీజు పెట్టి బిగించిన పిమ్మట చక్రమును పైకెత్తి వదలినచో, గాలిమూతి తన బరువుచే తానే క్రిందికి వచ్చి నిలువవలెను. ప్రక్కకు ఊపినచో చక్రము కదలరాదు. అదియే సరియైన బిగింపు.

తుప్పు అనగా నీరును ప్రాణవాయువును కలిసి ఇనుమును తినుట. ఉప్పుగాలి దానిని త్వరపరచును. ఇత్తడి పాత్రలు తోము చింతపండే ఇచటను పనికివచ్చును. అందలి టార్టారిక్ ఆమ్లము తుప్పును కరగించును. రంగులేని చిన్న ఇనుప భాగములను ఆ పులుసులో నానబెట్టి, తోమి, కడిగి, తక్షణమే ఆరబెట్టి నూనె రాయవలెను. తడి మిగిలినచో తుప్పు మరల వచ్చును.

ఇక రంగు మాట. పాత రంగులలో సీసము కలిసియుండవచ్చును. పొడిగా గీకినచో ఆ ధూళి పసిపిల్లల మెదడునకు హాని చేయును. తప్పనిసరియైనచో తడిపి, ఇంటి వెలుపల, పిల్లలను దూరముగా నుంచి గీకవలెను. కాని నా మనవి, గీకవలదనియే. గ్రంథపరిష్కర్త లేఖకదోషమును దిద్దవచ్చును గాని, కవి పదమును తొలగించి తన పదమును చేర్చరాదు. చట్రముపై బంగారుగీతలు, కర్మాగారపు ముద్ర, ఏండ్లతరబడి పాలబిందె ఒరసికొనగా పడిన గాడి, ఇవియన్నియు కవిపాఠము. ఒకసారి గీకినవి ఎంత వెల పెట్టినను తిరిగి రావు. మెత్తని గుడ్డతో తుడిచి మైనము పూసిన చాలును.

అయితే ప్రాణరక్షకమైన భాగములందు ఈ మమకారము పనికిరాదు. బీటలువారిన టైర్లు, గట్టిపడిన బ్రేకు రబ్బర్లు నిస్సంకోచముగా మార్చుడు. అర అంగుళపు గొలుసునందు 24 కణుపుల పొడవు సరిగా 12 అంగుళములు. పదునారవ వంతు అంగుళము సాగినను గొలుసు మార్చవలెను. అన్నియు మార్చినను, తడిసిన ఉక్కు రిమ్ములమీద బ్రేకుపట్టు మిక్కిలి తగ్గును గనుక వానలో మెల్లగా పోవలెను. తీసిన పాత భాగములను పారవేయక, తేదీ వ్రాసి డబ్బాలో భద్రపరచుడు.

తాతగారి బండిని క్రొత్త బండిగా చేయుట మన పని కాదు. ఆయనయే వచ్చి చూచినచో గుర్తుపట్టునట్లును, మనుమరాలు ఎక్కినచో క్షేమముగా ఇల్లు చేరునట్లును చేయుటయే మన పని.